ఇంట్లో ఎవరికైనా జ్వరముందా?

మధ్యాహ్నం భోజనాలయ్యి, అంట్లు బయట పడేసి, ఇంక కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకే వీధి తలుపు చప్పుడవుతుంది. ఎప్పుడూ ఇంతే. గ్యాసు అబ్బాయి కావచ్చు, చందాలవాళ్లు కావచ్చు. చేతిలో పెద్ద రిజిస్టరు పట్టుకుని ఎవరైనా నిలబడితే మాత్రం మనకు కొంచెం విసుగు, కొంచెం భయం. "ఇంట్లో మగవాళ్లు లేరండీ, సాయంత్రం రండి" అనేస్తాం. నేనూ అలా అన్నదాన్నే. గుమ్మం దగ్గర అడిగే ఆ ప్రశ్నల గురించి, మనం చెప్పే జవాబుల గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

చేవెళ్ల, మొయినాబాదు అంటే హైదరాబాదు గృహిణులకు కొత్త ఊళ్లేమీ కావు. 1908 మూసీ వరద నగరాన్ని ముంచేసిన తర్వాత కట్టిన రెండు పెద్ద చెరువులు, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు, మొయినాబాదుకు పక్కనే ఉన్నాయి. మన అమ్మలూ అత్తలూ గొప్పగా చెప్పుకున్న గండిపేట నీళ్లు అక్కడివే. ఇంకాస్త ముందుకు, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న పాత మర్రిచెట్ల నీడన పోతే చేవెళ్ల వస్తుంది. మన సంచిలోకి వచ్చే టమాటాలు, ఆకుకూరలు, పెళ్లి పందిళ్లకు కట్టే పూలు ఎన్నో ఆ దారినే వస్తాయి. మొయినాబాదు దగ్గర ఒక ఊళ్లో మా చెల్లెలిని ఇచ్చాం.

2022 జనవరిలో సంక్రాంతికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. కోవిడ్ మూడోసారి విజృంభిస్తున్న రోజులు. ఆ నెల 21వ తేదీ నుంచి రాష్ట్రమంతటా ఇంటింటికీ జ్వర సర్వే మొదలుపెట్టారు. ఆశా కార్యకర్త వచ్చింది. ముఖానికి గుడ్డ, చంకన రిజిస్టరు, ఇంకో చేతిలో మందుల సంచి.

"ఇంట్ల ఎవ్వరికన్న జరమున్నదా అమ్మా?"

అరుగు మీద కూర్చున్న మా చెల్లెలి అత్తగారు, "ఎవ్వరికి లేదు బిడ్డా, అందరం మంచిగున్నం" అన్నారు.

ఆ పిల్ల కలం తీసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి దగ్గు వినిపించింది. మా చెల్లెలు రెండు రోజులుగా అలాగే దగ్గుతోంది. ఏడుగురికి వండుతోంది, మధ్యలో ఆవిరి పట్టుకుంటోంది, మళ్లీ వండుతోంది.

"ఆ దగ్గు ఎవరిదమ్మా?"

"మా కోడలిది. ఆమెకేం లేదు, పోపు ఘాటుకు దగ్గుతున్నది."

ఆ పెద్దావిడ అబద్ధం ఆడలేదండీ, నిజంగానే అలా అనుకున్నారు. పక్కనే ఉన్న నేను మాత్రం ఏమన్నాను? ఏమీ అనలేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకూ అది పోపు ఘాటులాగే తోచింది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, దూరంగా నిలబడి జ్వరం చూసింది. నూటికి పైన రెండు. రిజిస్టరులో "లేదు" అని రాయబోయిన గడిలో "1" అని రాసి, మాత్రల పొట్లం ఇచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పించుకుని మరీ కదిలింది.

ఆ గడి నన్ను పట్టుకుంది. ఇంటికి ఒక వరస, జ్వరానికి ఒక గడి. ఇలాంటి వరసలు లక్షలు కలిస్తేనే సర్కారు దగ్గర ఒక లెక్క అవుతుంది. మనం దాన్నే చరిత్ర అని చదువుకుంటాం. ఆ వరసలో వంటింటి దగ్గు ఎన్నిసార్లు పడింది, ఎన్నిసార్లు పడలేదు?

వందేళ్ల వెనక్కి వెళ్దాం. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. మన దేశంలో సెప్టెంబరు నుంచి రెండు మూడు నెలల్లోనే ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసింది. కోటీ ఇరవై లక్షలనీ, కోటీ ఎనభై లక్షలనీ, ఇంకా ఎక్కువనీ పండితులు తలో లెక్కా వేశారు. ఇంత తేడా ఎందుకంటారా? అప్పుడు ఇంటింటికీ వెళ్లి అడిగిన వాళ్లు లేరు. బ్రిటిషు ఇండియా పల్లెల్లో చావుల పట్టీ రాసేది చదువు అంతంతమాత్రం ఉన్న ఊరి నౌకరు. మనిషి దేనితో పోయాడన్నా ఎక్కువగా "జ్వరం" అనే రాసేవాడు. నిజాం రాజ్యంలో ఎంత నష్టం జరిగిందో జనాభా లెక్కల్లో బయటపడింది. 1911లో 1,33,74,676 మంది ఉన్న హైదరాబాదు సంస్థానంలో 1921 నాటికి 1,24,71,770 మంది మిగిలారు. పదేళ్లలో పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గారు. ఇన్‌ఫ్లుయెంజా ఒక్కటే కాదు, ప్లేగు, కరువు కూడా కలిసిన లెక్క అది.

అందులో మనం గుర్తు పెట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. ఆ ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా పోయారు. అదీ ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు, పిల్లల తల్లులు. మంచం పట్టిన వాళ్లకు సేవ చేసింది వాళ్లే, ఒంట్లో బాగాలేకపోయినా నీళ్లు మోసి వంట చేసింది వాళ్లేనని ఆనాటి ఆరోగ్యాధికారులే రాశారు. కానీ ఎప్పుడు రాశారు? అంతా అయిపోయాక, చావుల పట్టీలు ముందేసుకుని. బతికి ఉండగా వంటింటి గుమ్మం దాకా వచ్చి అడిగిన వాళ్లు లేరు.

అడగడం మాత్రం అంత సులువా? ఇన్‌ఫ్లుయెంజాకు ఇరవై ఏళ్ల ముందు, ప్లేగు వచ్చినప్పుడు, పూనాలో సిపాయిలు ఇళ్లలోకి జొరబడి సోదాలు చేశారు. దేవుడి గదులు కలియదిప్పారు, ఆడవాళ్లను ఒంటి మీద చెయ్యివేసి పరీక్షించారని జనం రగిలిపోయారు. ప్లేగు అధికారి ర్యాండును 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చారు. అది జరిగింది పూనాలోనే గానీ, సర్కారు మనిషి గుమ్మంలోకి వస్తే రోగిని అటక మీద దాచే అలవాటు దేశమంతటికీ అంటుకుంది. హైదరాబాదుకు 1911లో ప్లేగు గట్టిగా వచ్చింది. ఇరుకు గల్లీల బస్తీలను బాగుచేయడానికి ఆ మరుసటి ఏడే నగరాభివృద్ధి మండలి పెట్టారు. అడిగేవాడు తీసుకుపోతాడని భయం ఉంటే ఎవరు నోరు విప్పుతారు చెప్పండి?

ఆ భయాన్ని నెమ్మదిగా పోగొట్టింది మలేరియా వాళ్లూ, మశూచి వాళ్లూ. మీలో కాస్త వయసు వచ్చిన వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పుట్టింటి గోడ మీద, తలుపు పక్కన, గళ్లు గీసిన నల్ల అచ్చు ఒకటి ఉండేది. మలేరియా మనిషి వచ్చినప్పుడల్లా అందులో తేదీ వేసి పోయేవాడు. 1958లో మొదలైన మలేరియా నిర్మూలన పథకం అది. పక్షానికొకసారి వచ్చి "ఎవరికైనా జ్వరమా?" అని అడగడం, ఉంటే వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకోవడం అతని పని. పిల్లలం పరుగెత్తి దాక్కునేవాళ్లం. ఆ అడగడం ఎంత పని చేసిందో చూడండి. 1965 నాటికి దేశం మొత్తం మీద మలేరియా కేసులు లక్షకు దిగాయి. తర్వాత కాపలా సడలింది, దోమలు మందుకు లొంగడం మానేశాయి. 1976లో మళ్లీ అరవై నాలుగు లక్షలు.

మశూచిది ఇంకా మంచి కథ. అమ్మవారు పోసిందంటే వేపమండలు కట్టి తలుపు దగ్గరగా వేసే ఇళ్లు మనవి. రోగం అంటే తప్పు, తల్లి వచ్చింది అనాలి. అలాంటి ఇంట్లో "మశూచి ఉందా?" అని అడిగితే ఎవరు చెబుతారు? ఆ పనివాళ్లు తెలివిగా ఒక బొమ్మ పట్టుకొచ్చారు. ఒళ్లంతా పొక్కులతో ఉన్న పసివాడి రంగుల బొమ్మ. "ఇలాంటి బిడ్డను ఎక్కడైనా చూశారా అమ్మా?" అని అడిగారు. మీ ఇంట్లో ఉందా అనలేదు, ఎక్కడైనా చూశారా అన్నారు. బళ్లో పిల్లల్ని అడిగారు, సంతలో అడిగారు, టీ కొట్ల దగ్గర అడిగారు. ఒకరు చూసొచ్చిన ఊళ్లకు మరొకరిని పంపి సరిచూసుకున్నారు. చివరి రోజుల్లో కబురు చెప్పినవాళ్లకు వెయ్యి రూపాయల బహుమతి అని గోడల మీద రాయించారు. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి మళ్లీ కనిపించలేదు. 1977లో నిపుణులు వచ్చి, వెతికి, లేదని ఒప్పుకున్నారు. ఇందులో టీకా వేసిన చేతికి ఎంత పేరు రావాలో, గుమ్మంలో మాట్లాడిన నోటికీ అంత రావాలని నా లెక్క.

ఇక మన కాలానికి వద్దాం. 2014 ఆగస్టు 19 మీకు గుర్తుందా? తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు సెలవు ఇచ్చారు. ఎక్కడెక్కడి వాళ్లూ బస్సులు కిక్కిరిసి సొంత ఊళ్లకు పోయారు. మా చెల్లెలి ఊళ్లో కూడా పండగలా ఉందట. లెక్కలో పేరు లేకపోతే రేషను పోతుందేమో, ఇల్లు రాదేమోనని అందరికీ ఆదుర్దా. ఏడేళ్లు తిరక్కుండానే, 2021 మేలో, రెండోసారి కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, అదే ఇళ్లకు జ్వర సర్వే వాళ్లు వస్తే అవే తలుపులు మూసుకున్నాయి. అప్పుడు లెక్కలో పేరు పడితేనే ముప్పు అనుకున్నారు.

ఊరికే అనుకోలేదు లెండి. కోవిడ్ మొదటి ఏడాది రోగి ఉన్న ఇంటికి కాగితం అంటించారు. అది చూసి పాలవాడు మానేసేవాడు, పనిమనిషి మానేసేది, చుట్టాలు దారి మార్చుకునేవాళ్లు. 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు, అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా ఇళ్లకు కాగితాలు అంటించకూడదని చెప్పింది. కాగితం ఊడింది గానీ మనసులో అంటుకున్నది ఊడలేదు.

మా చెల్లెలి ఎదురింట్లో జరిగింది చెబుతాను. ఆ ఇంట్లో రెండు గేదెలుండేవి. కోడలే పాలు పిండి అమ్మేది. 2021 మేలో సర్వేకు వచ్చినప్పుడు గుమ్మంలోకి వచ్చి "మా ఇంట్ల ఎవ్వరికి లేదు" అని జవాబు చెప్పింది ఆమే. అప్పటికి మూడు రోజులుగా ఆమెకే జ్వరం. రాయించుకుంటే పాలు ఎవరు కొంటారు? పిల్లల ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? ఊపిరి అందని రోజున పట్నం తీసుకొచ్చారు. ఇంటికి తిరిగి రాలేదు. ఆ "లేదు" రాసింది, మొన్న మా చెల్లెలి దగ్గు విని ఆగిన ఈ ఆశా కార్యకర్తే. "ఆమె చెప్పింది, నేను రాసిన" అంది నాతో, ఇంకేమీ అనకుండా. అంతకు ముందు ఆమె గుమ్మం అవతలే నిలబడి రాసుకునేదట. ఆ తర్వాతనుంచి చెప్పులు విడిచి లోపలికి వస్తోంది.

జ్వర సర్వే వల్ల మేలు జరగలేదని అనడం లేదు. పరీక్ష ఫలితం కోసం నాలుగు రోజులు కాచుకోకుండా, లక్షణం కనిపించిన రోజే మాత్రలు చేతికివ్వడం మంచి ఆలోచన. కానీ ఆ కాగితంలో గళ్లు కొన్నే. జ్వరమా, దగ్గా, గొంతు నొప్పా, అరవై దాటిన వాళ్లున్నారా, షుగరు, బీపీ ఉన్నాయా అంతే. ఆ ఇళ్లకు నిజంగా జరిగినవి వేరే చాలా ఉన్నాయి. 2020 మార్చిలో అన్నీ బందు పెట్టినప్పుడు పెళ్లిళ్లు ఆగాయి, గుళ్లు మూశారు. నూట ఎనిమిది ప్రదక్షిణలతో కిటకిటలాడే చిలుకూరు గుడి కూడా మూతపడింది. చేవెళ్ల వైపు తోటల్లో పూసిన పూలు పూసినట్టే వాడిపోయాయి. తెల్లకార్డు వాళ్లకు సర్కారు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కార్డుకు పదిహేను వందలు ఇచ్చింది. బియ్యం సరే, పప్పు? ఆ సెప్టెంబరులో బడి పాఠాలు టీవీల్లో, ఫోన్లలో మొదలయ్యాయి. ఇంట్లో ఒక్క ఫోనుంటే అది కొడుక్కా, కూతురికా? ఇలాంటి ప్రశ్నకు గడి లేదు.

అమెరికాలో జనగణన శాఖవాళ్లు 2020 ఏప్రిల్ 23 నుంచి ఇలాంటివి అడగడం మొదలుపెట్టారు. ఈ వారం ఇంట్లో తినడానికి సరిపడా ఉందా, అద్దె కట్టగలిగారా, ఎన్ని రోజులు బెంగగా ఉంది అని ఇళ్లకు సందేశాలు పంపి, కొన్ని వారాలకొకసారి లెక్క తేల్చి చెప్పారు. మనకంటే గొప్పవాళ్లని కాదు. పంపిన వాళ్లలో జవాబిచ్చింది కొద్దిమందే. అయినా "బెంగగా ఉందా" అని ఒక సర్కారు కాగితం అడగడం నాకు విచిత్రంగానూ, బాగానూ అనిపించింది.

మన దగ్గర ఫోను సర్వే జరగలేదనుకునేరు. 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ప్రభుత్వం ప్రజలకు ఫోను చేసి రోగ లక్షణాలు అడుగుతామని ప్రకటించింది. ఆ ఫోను ఏ నంబరు నుంచి వస్తుందన్నారో తెలుసా? 1921. ఇన్‌ఫ్లుయెంజా మింగిన జనాన్ని లెక్కపెట్టిన సంవత్సరం! ఎవరూ అనుకుని పెట్టిన నంబరు కాదు, నాలాంటి చరిత్ర పిచ్చివాళ్లకే అలా తడుతుంది. సరే, ఆ ఫోను మోగితే ఎవరి జేబులో మోగుతుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు దేశంలో నూటికి యాభై నాలుగు మంది. మిగిలిన వాళ్ల ఒంట్లో సంగతి ఆ ఇంటి మగవాళ్లే చెప్పాలి. వాళ్లకు వంటింటి దగ్గు పోపు ఘాటులా వినపడితే అంతే సంగతులు.

నోరు చెప్పనిది రక్తం చెప్పింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో ఊళ్లకు వెళ్లి, ఇళ్లలో కొందరి రక్తం తీసి, వైరసు సోకిన జాడ ఉందేమో చూశారు. 2020 మేలో నూటికి ఒక్కరు కూడా తేలలేదు. 2021 జూన్ నాటికి నూటికి అరవై మంది. 2022 మొదట్లో అన్ని జిల్లాల్లోనూ చూస్తే తొంభై దాటింది. టీకాలు వేసుకున్న వాళ్లూ అందులో కలిసే ఉన్నారనుకోండి. అయినా "మా ఇంట్ల ఎవ్వరికి లేదు" అన్న గడపలు ఎన్ని దాటి వచ్చిందో ఆ వైరసు!

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. జనాభా లెక్కల వాళ్లకు కుటుంబం అంటే ఏమిటో తెలుసా? ఒకే వంటింటి కూడు తినేవాళ్లు. రక్తసంబంధం లేకపోయినా ఫరవాలేదు, ఒకే పొయ్యి మీద వండుకుంటే ఒక కుటుంబం. మొయినాబాదు చుట్టూ పట్నంవాళ్ల తోట బంగళాలు బోలెడు. ఎత్తు గోడలు, పెద్ద గేట్లు. యజమాని ఆదివారాల్లో వస్తాడు. గేటు పక్క గదిలో కాపలావాడు, భార్య, పిల్లలు, ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు, వేరే పొయ్యి పెట్టుకుని ఉంటారు. లెక్క ప్రకారం అది వేరే కుటుంబం. గేటుకు తాళం కనిపిస్తే "ఇల్లు మూసి ఉంది" అని రాసి పోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఈ పిల్ల అలా పోదట. లోపలినుంచి పొగ వస్తోందేమో చూసి, వస్తుంటే గేటు బాదుతుందట. "పొగ ఉన్నదంటే మనిషున్నట్టే గద మేడం" అంది.

సర్కారు లెక్క మొత్తం మన పొయ్యి చుట్టూ తిరుగుతుందన్నమాట. కానీ వరస మొదట్లో రాసేది యజమాని పేరు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి తర్వాత వచ్చే "మొత్తం సభ్యులు" అనే అంకెలో ఎక్కడో కలిసిపోతుంది.

మా చెల్లెలు ఎనిమిది రోజులకు లేచింది. వంట మా మరిదిగారు చేశారు, మొదటి మూడు రోజులు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయారు, అది వేరే కథ. మళ్లీ చూడటానికి ఆశా పిల్ల వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. వెయ్యిమంది జనాభాకు ఒక్కరు. వాళ్లకిచ్చేది జీతం అనరు, పారితోషికం అంటారు. ఆ ఏడు మే నెలలో దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ప్రకటించింది. అది మేం మాట్లాడుకున్న తర్వాతి మాట. రిజిస్టరు తిప్పి చూపించింది. పేజీ నిండా ఇళ్ల నంబర్లు, యజమానుల పేర్లు, గళ్లు. ఎదురింటి వరస దగ్గర వేలు ఒక్క క్షణం ఆగి జరిగిపోయింది. ఒక వరసలో ఇంటి నంబరు మాత్రమే ఉంది, మిగిలిన గళ్లన్నీ ఖాళీ.

"ఈ ఇల్లు మూసి ఉందా?" అన్నాను.

"లేదు మేడం, అది మా ఇల్లే. పొద్దున ఏడు గంటలకే ఎల్లొస్త, మళ్ల పొద్దుగూకినంక పోత. మాది ఆఖరికి రాసుకుంట" అని గ్లాసు కింద పెట్టి, మందుల సంచి భుజానికి తగిలించుకుని పక్కింటి గేటు దగ్గరికి వెళ్లింది.